ఇప్పపూల సవరణ

బస్తర్ అంతా తనకు తెలుసని శాంతిప్రియ నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆమె పుట్టింది కిరండూల్ రైల్వే క్వార్టర్లలో. తండ్రి విజయనగరం నుంచి ఇనుపరాయి మోసే గూడ్సుబండ్ల గార్డుగా వచ్చి అక్కడే నిలిచిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ, ఆదివారం చర్చిలో ఈ మూడూ కలిపి కాచిన పులుసు. విశాఖపట్నంలో స్టాటిస్టిక్స్ చదువుకుని, అక్కడ దొరికిన ఉద్యోగాన్ని కాదని తిరిగి ఇటే వచ్చింది. రాయపూర్ నుంచి దిగేవాళ్లతో నేను ఇక్కడి మనిషినండీ అని చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం. రైల్వే క్వార్టర్ల గోడకూ దోర్లవాళ్ల గూడేలకూ మధ్య ఎంత అడవి ఉందో ఆ మాట అనేటప్పుడు గుర్తుండేది కాదు.

కొంటలో ఆమె పనిచేసే సంస్థ చిన్నది, ఎత్తుకున్న పని పెద్దది. మనిషి మనసు కుంగి ప్రాణం మీదికి తెచ్చుకోకముందే పసిగట్టాలి. ఊరూరా ఆరోగ్యం చూసే ఆడవాళ్లను ఇక్కడ మితానిన్ అంటారు. వాళ్లు నెలకోసారి ఇంటింటికీ వెళ్లి ఫోన్ చూసి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, పని మీద మనసు నిలుస్తోందా, నలుగురిలో కూర్చోబుద్ధవుతోందా అని. ఆ జవాబులు కొంటకు చేరతాయి. అంతకుముందు ఎన్నో ఊళ్లలో ఎందరో చెప్పిన జవాబులనూ, ఆ తర్వాత వాళ్లకు ఏం జరిగిందో ఆ సంగతినీ కలిపి నేర్చుకున్న లెక్క ఒకటి కంప్యూటర్లో ఉంది. దాన్ని వాళ్లు మోడల్ అంటారు. ఒక్కో జవాబుకు ఒక్కో బరువు. అన్నీ కూడి, రాబోయే రోజుల్లో ఫలానా మనిషికి ఎంత ప్రమాదం ఉందో అది చెబుతుంది. గీత దాటినవాళ్ల పేర్లు మితానిన్ ఫోన్‌లో ఎర్రగా పడతాయి. ఆమె వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడుతుంది, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే నిజం చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి, అన్నిటికన్నా ఎక్కువ బరువు నిద్ర ప్రశ్నకే. చీకట్లోనే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడని మనిషిని ఆ లెక్క ఊరికే వదిలిపెట్టదు.

మార్చిలో ఒకరోజు ఆ లెక్కకు పూనకం వచ్చింది. కిష్టారం చుట్టుపక్కల గూడేలన్నీ ఎర్రబడ్డాయి. ముసలీ ముతకా, కొత్త కోడళ్లూ, నిన్నటిదాకా పకపకా నవ్వినవాళ్లూ, అందరికీ తెల్లారకముందే మెలకువ. సంస్థకు పెద్ద అయిన రాజ్‌కుమార్ మంచివాడే గానీ, ఎర్రరంగు చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు. అడవిలో ఏదో ఉపద్రవం ముంచుకొస్తోందని డాక్టర్లకు ఫోన్లు చేయబోయాడు. శాంతిప్రియ కడుపుబ్బ నవ్వి, సార్, ఇది రోగం కాదు, ఇప్పపువ్వు అని చెప్పింది. ఇప్పచెట్లు పువ్వు రాల్చే కాలం. రాత్రి రాలిన పువ్వును ఆవులూ ఎలుగుబంట్లూ తినెయ్యకముందే ఏరుకోవాలి. ఈ రోజుల్లో చీకటితో లేవనివాళ్లు ఎవరుంటారు?

ఆ సాయంత్రమే కూర్చుని సవరణ రాసేసింది. ఇప్ప రాలినన్నాళ్లు ఆ ఊళ్లలో నిద్ర ప్రశ్నకు బరువు సున్నా. మర్నాటికి ఎర్రపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మితానిన్‌లు ఊపిరి పీల్చుకున్నారు. రాజ్‌కుమార్ ఆ ముచ్చటను ప్రతి మీటింగులోనూ చెప్పుకుని మురిసిపోయాడు. దానికి ఇప్పపూల సవరణ అని పేరు కూడా పెట్టాడు. పొగడ్త ఎవరికి చేదు? శాంతిప్రియ తలొంచుకుని, మొహమాటపడుతూ, అంతా విన్నది.

ఇప్పకు వెళ్తున్నారా అని ఇంకొక్క ప్రశ్న కలిపితే సరిపోయేది. ఆమెకు ఆ ఆలోచన రాకపోలేదు. అందరికీ తెలిసిన సంగతిని మళ్లీ అడగడం ఎందుకు, మితానిన్‌లకు అదనపు పని అని తీసేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడానికి మొండివాళ్లే కానక్కర్లేదు, కాస్త తెలిసినవాళ్లయినా చాలు.

ఏప్రిల్ మొదట్లో కిష్టారం వైపు గూడెం నుంచి వెంకమ్మ ఫోన్ చేసింది. ఆ గూడేనికి ఆమే మితానిన్, శాంతిప్రియ తల్లి ఈడు మనిషి. దేవే అనే ఆమె పురుగుమందు తాగిందని చెప్పింది. సమయానికి ట్రాక్టరు దొరికి, భద్రాచలం ఆసుపత్రికి చేరింది కాబట్టి బతికింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇప్పుడిప్పుడే నడక నేర్చిన ఆమె కూతుర్ని బండి అనే మరిది తన ఇంట్లో పెట్టుకుని ఇవ్వనంటున్నాడు. మమ్మల్ని ఊళ్లో బద్నాం చేయడానికే తాగింది, అట్లాంటి దాని చేతికి పిల్లను ఎట్ల ఇస్తమని అతని వాదన. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో సంత మర్నాడు ఊరి కూటంలో తేలుస్తారట.

"ఆమె పేరు నా ఫోన్ల రాలే మేడం. వస్తే నేను పోకపోదునా?" అంది వెంకమ్మ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోన్ పెట్టకముందే శాంతిప్రియ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. సవరణ తీసేసి పాత లెక్కను మళ్లీ నడిపించింది. దేవే పేరు వెతకాల్సిన పనిలేకుండా పైపైనే ఎర్రగా కనిపించింది. సవరణ పెట్టి నడిపిస్తే అట్టడుగున, పచ్చగా. రెండింటికీ మధ్య ఉన్నది తను రాసిన ఒకే ఒక్క వరస. మనిషి ప్రాణం పోబోయింది ఆ వరసలోంచే. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే రాజ్‌కుమార్ దగ్గరికి వెళ్లి తప్పు నాది అని చెప్పేసింది. తిడతాడని, ఉద్యోగం పీకుతాడని, ఏదో ఒకటి జరుగుతుందని వెళ్లింది. ఆయన కుర్చీ చూపించి, టీ తెప్పించి, నెమ్మదిగా లెక్కంతా ఆమెకే తిరగేసి చెప్పాడు. సవరణ లేకపోతే మితానిన్‌లు గూడెం గూడెమంతా తిరగలేక ఎవరి దగ్గరికీ చేరేవాళ్లు కాదు. సవరణ వల్లే నిజంగా అవసరమైనవాళ్లు కొందరు దక్కారు. మోడల్ అన్నాక ఎక్కడో ఒకరు తప్పిపోతారు, దాన్ని నీ నెత్తిన వేసుకోకు అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు. ఆ ఒకరికి పేరుంది, కూతురుంది. ఆయన దయతో నాలుగు రోజులు సెలవు కూడా ఇచ్చాడు.

కిరండూల్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. తల్లి అటునుంచే ప్రార్థన చేసి, దేవుడు క్షమించేసినాడులే అమ్మా, అన్నం తిన్నావా అని అడిగింది. క్షమాపణ ఇంత చవగ్గా దొరుకుతుందని శాంతిప్రియ ఎన్నడూ అనుకోలేదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నువ్వు చేసింది తప్పు అని మొహం మీద అంటే బాగుండుననిపించింది. ఆ మాట అనే హక్కు ఉన్న మనిషి దగ్గరికే పోదామని సంత రోజున కిష్టారం జీపెక్కింది.

వెంకమ్మ ఇంటి వసారాలో చాప మీద దేవే పడుకుని ఉంది. ఆసుపత్రి నుంచి తెచ్చి తన ఇంట్లోనే ఉంచుకుంది వెంకమ్మ. మరిది గడప తొక్కనివ్వడు, పుట్టింట్లో అన్నం పెట్టేవాళ్లు లేరు. మనిషి ఎండిపోయి, పెదవుల చివర్లు పగిలి, పలకరిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటోంది.

శాంతిప్రియ వెంకమ్మను పక్కకు పిలిచి మొత్తం చెప్పింది. పేరు రాకపోవడం ఫోన్ తప్పు కాదు, నేనే రాకుండా చేశాను అంది. వెంకమ్మ పొయ్యి ముందు కూర్చుని, కట్టె ఎగదోస్తూ మాట్లాడింది.

"ఫోన్ లేనప్పుడు నాకు తోచినకాడికి పోయేదాన్ని మేడం. ఎవరింట్ల పొయ్యి రాజలేదో, ఎవరు నీళ్లకు రాలేదో చూసి పోయేదాన్ని. ఫోన్ వచ్చినంక అది చెప్పినకాడికే పోతన్న. దేవే ఇంటి ముందు నుంచే రోజూ నడిచిన. తలుపు కాడ కూసున్నది చూసిన. ఎర్రగ రాలేదు గదా, బాగనే ఉన్నదనుకున్న. నా కండ్లు నాకు లేవా?"

తప్పంతా తనదేనని శాంతిప్రియ మోసుకొస్తే, ఇక్కడ ఇంకొకామె కూడా అదే మూట నెత్తిన పెట్టుకుని కూర్చుంది. పంచుకుంటే సగమవుతుందనుకుంటాం. కాలేదు, రెండయింది.

గంజి తాగాక దేవే లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. శాంతిప్రియ ఎదురుగా కూర్చుని, ఎవరో ఏమిటో చెప్పుకుంది. పోయిన నెల వెంకమ్మక్క అడిగినప్పుడు నిద్ర పట్టడం లేదని చెప్పావు, ఈ రోజుల్లో అందరూ ఇప్పకు లేస్తారు గదా, నువ్వూ అందుకే లేస్తున్నావనుకుని నేను దాన్ని లెక్కలోంచి తీసేశాను, అందుకే నీ దగ్గరికి ఎవరూ రాలేదు, తప్పు నాది అని గడగడా అప్పజెప్పింది. దేవే మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"ఇప్పకా? నాకు చెట్టేడిది?"

అడవిలో చెట్లు అడవివే అయినా, ఏ చెట్టు కింద ఏ ఇల్లు ఏరుకోవాలో తాతల నాటి నుంచి వాటాలున్నాయి. ఇంకొకరి చెట్టు కిందికి పోవడమంటే ఇంకొకరి కుండలో చెయ్యిపెట్టడమే. దేవే మొగుడు మిరపకాయ కోతకని ఖమ్మం వైపు పోయి, అక్కడే ఇంకో ఆడదాన్ని చూసుకుని ఉండిపోయాడు. చెట్లు మగాడితో వచ్చేవి, మా అన్నే లేనప్పుడు నీకెక్కడివని బండి ఆ వాటా కలిపేసుకున్నాడు. గూడెంలో అందరికీ తెలుసు. దేవేకి చిన్నప్పటి నుంచి ఆ రోజుల్లో చీకటితో లేచే అలవాటు. లేచేది. బుట్ట పట్టుకుని పోయేవాళ్లను తలుపు దగ్గర కూర్చుని చూసేది. తెల్లారేది.

"నిద్ర లేదని చెప్పిన. ఎవ్వరూ రాలే. అందరికీ ఇట్లనే ఉంటదేమో, నేనొక్కదాన్నే ఓర్సుకోలేకపోతన్నానేమో అనుకున్న" అంది దేవే. గొంతులో కోపం లేదు.

లెక్కలో పేరు తీసేస్తే పేరు ఒక్కటే పోతుందని శాంతిప్రియ అనుకుంది. నీ బాధ బాధ కాదు, అది అందరికీ ఉండేదే అని తను కొంటలో ఫ్యాను కింద కూర్చుని ఈ మనిషికి కబురు పంపినట్టయింది. ఆ కబురు చేరింది కూడా. ఏడవడానికి కూడా సిగ్గేసింది, ఆ ఏడుపు తన కోసమేనని తెలుసు కాబట్టి.

రేపు కూటంలో వచ్చి చెబుతాను, నువ్వు ఎవర్నీ బద్నాం చేయడానికి తాగలేదు, నెల ముందే చెప్పుకున్నావని అందరి ముందూ అంటాను అని మాటిచ్చింది. వెంకమ్మ మాత్రం గొణిగింది. మనసు బాగలేదని నలుగురిలో అంటే పిచ్చిదని ముద్ర వేస్తారు, పిచ్చిదానికి పిల్లను అసలే ఇవ్వరు అంది. చెబితే ఒక నష్టం, చెప్పకపోతే ఇంకో నష్టం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నట్టుంది. నిద్ర లేదన్నదొక్కటే చెప్పు, మనసు లెక్కలు కట్టే మిషన్ సంగతి ఎత్తకు అంది దేవే.

కూటం ఊరిపెద్ద మాసా ఇంటి ముందు పందిరి కింద జరిగింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ముందు బండి మాట్లాడాడు. తన భార్య చంకలో దేవే కూతురు అమ్మవైపు చేతులు చాపి గింజుకుంటుంటే, బండి చెప్పిందే మళ్లీ చెప్పాడు. చెట్ల కోసం బెదిరించడానికి తాగింది, రేపు పిల్లకు కూడా తాగిస్తుంది అన్నాడు. ఆ చివరి మాటకు ఆడవాళ్లలో కొందరు తలలూపారు. దేవే పిల్ల వైపే చూస్తోంది.

మాసా శాంతిప్రియను పిలిచాడు. ఆమె లేచి, నెల ముందే దేవే నిద్ర పట్టడం లేదని చెప్పిందని, అది బెదిరింపు కాదని చెప్పింది. బండి తేలిగ్గా తగ్గేవాడు కాదు. నిద్ర లేకపోతే మందు తాగుతరా, ఇప్పకాలంల నిద్ర ఎవరికున్నది, మా ఇంట్ల ఒక్కరన్న పండుకున్నరా అని అడిగాడు. పందిరి కింద నవ్వులు లేచాయి.

ఆ నవ్వును శాంతిప్రియ గుర్తుపట్టింది. మార్చిలో రాజ్‌కుమార్ ముందు తను నవ్విన నవ్వే అది. మిషన్ సంగతి ఎత్తకూడదన్న మాట గుర్తుంది. అయినా ఎవరిదో తప్పయినట్టు అక్కడ నిలబడి ఉండటం చేతకాలేదు.

"మీరన్నదే నేనూ అన్నాను. ఆమె నిద్ర లేదని చెప్పింది, ఇప్పకాలంలో ఎవరికి మాత్రం ఉంటుందిలే అని నేను కొట్టేశాను. ఎవరూ ఆమె దగ్గరికి పోకుండా చేసింది నేను. ఆమెకు ఏరుకోవడానికి చెట్టు లేదని నాకు తెలియదు."

నవ్వులు ఆగిపోయాయి. తెలియదన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్లందరికీ తెలుసు. పందిరి కింద కూర్చున్న ప్రతివాళ్లూ ఆ చీకట్లో బుట్టలు పట్టుకుని దేవే తలుపు ముందు నుంచి నడిచినవాళ్లే. ఒక ముసలామె కొంగుతో మూతి తుడుచుకుని నేల వైపు చూసింది. తలలూపినవాళ్లు ఇంకెటో చూశారు.

మాసా తొందరపడే మనిషి కాదు. పొగాకు నలుపుకుంటూ, అటూ ఇటూ కూర్చున్న పెద్దలతో తమ దోర్లి భాషలో గుసగుసలాడి, చివరికి తేల్చి చెప్పాడు. పిల్ల తల్లి దగ్గర ఉంటుంది. మొగుడు వచ్చేదాకా రెండు చెట్లు దేవేవి. బండి కూటానికి తప్పు కట్టాలి, అంటే జరిమానా. అంతటితో ఆగకుండా శాంతిప్రియ వైపు తిరిగాడు.

"చెప్పింది విని రాకపోతే అది గూడ తప్పే. నువ్వు గూడ అటు కూసో."

ఆమె వెళ్లి బండి పక్కన నేల మీద కూర్చుంది. పిలవకుండానే వెంకమ్మ వచ్చి ఆమెకు ఇవతల కూర్చుంది. తలా ఒక కోడి కట్టాలన్నారు. ఇన్నాళ్లూ ఎవరైనా ఒక్క మాట అంటే చాలనుకుని తిరిగిన శాంతిప్రియకు, ఊరంతా చూస్తుండగా ఆ మాట దొరికింది. బరువు దిగలేదు. తప్పు కట్టాక ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకూడదన్నది అక్కడి కట్టుబాటు. బండి లేచి పంచె దులుపుకుని, పక్కవాడితో వానల మాట మొదలుపెట్టాడు. అతనికి అయిపోయింది.

కూటం లేచి అందరూ వెళ్లిపోయాక దేవే కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు బిగించి పట్టుకుంది. శాంతిప్రియ లేచి నిలబడింది. ఏదైనా అంటుందని, కనీసం తిడుతుందని చూసింది.

"వచ్చే నెల మల్ల అడుగుతరా, నిద్ర పడతందా అని?" అంది దేవే.

అడుగుతారని, ఈసారి ఎందుకు పట్టడం లేదో కూడా అడిగేలా చేస్తానని, తప్పకుండా ఎవరో ఒకరు వస్తారని శాంతిప్రియ ఆత్రంగా చెప్పింది. దేవే అంతా విని పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. బండి ఇంటివైపు ఒకసారి చూసింది.

"పడతందనే చెప్త. లేదంటే పిల్లను మల్ల గుంజుకుంటరు."

అని నడిచింది. వచ్చే నెల దేవే పేరు పక్కన నిద్ర బాగానే ఉందని పడుతుంది. ఏ సవరణా అక్కర్లేకుండానే లెక్క ఆమెను పచ్చగా చూపిస్తుంది. అది అబద్ధమని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, వాళ్లలో ఒకరు శాంతిప్రియ.